బోర్లాపడ్డ పుట్టగొడుగు

మా కూసిలంపిలో గుర్తుంచుకోదగ్గ విషయాలు పెద్దగా జరగవు. అందుకే జరిగిన ఒకటీ అరా మేం చచ్చేదాకా వదిలిపెట్టం. పిహ్లా ఆరేళ్లప్పుడు ఐసు మీద పడింది. అదీ మా ఊరి చరిత్ర.

ఆ ఏడు ఆకురాలు కాలం ప్రదర్శనకి పిల్లలందరికీ పుట్టగొడుగుల వేషాలు వేశారు. ఎర్ర టోపీ, దానిమీద తెల్ల చుక్కలు. ఆ టోపీలు అట్టతో చేసింది నేనే, వాటికి వంకలు పెట్టేవాళ్లుంటే నా ఎదురుగా వచ్చి పెట్టండి. పిహ్లా వరుసలో అందరికంటే ముందుంది. కాలు జారి బోర్లా పడింది. వెనకున్న పుట్టగొడుగులన్నీ దాని మీద పడ్డాయి. టోపీ మాత్రం దొర్లుకుంటూ వెళ్లి ఎన్సియో కాళ్ల దగ్గర ఆగింది. ఎన్సియో అప్పటికే మా స్కేటింగ్ క్లబ్బు అధ్యక్షుడు, ఇప్పటికీ అతనే, రేపూ అతనే. మైకు అతని చేతిలో ఉంది. లేని రోజు నేను చూడలేదు. ఆ టోపీ ఎత్తి పట్టుకుని, "ఇదిగోనండీ, బోర్లాపడ్డ పుట్టగొడుగు!" అన్నాడు. హాలంతా నవ్వింది. మావాళ్లు చలికాలానికి ఒక్కసారి నవ్వుతారు. ఆ ఏటి నవ్వు దానికి ఖర్చయిపోయింది.

పేరు అతుక్కుపోయింది. పిహ్లాకిప్పుడు ఇరవై ఏడు. కొళాయిల దుకాణంలో కౌంటరు దగ్గర పనిచేస్తుంది. ఈనాటికీ ఎవరో ముసలాయన వాషరు కొనడానికొచ్చి, దాని మొహం పరకాయించి చూసి, "నువ్వే కదూ ఆ పుట్టగొడుగువి?" అంటాడు. "అవును, నేనే. వాషరు ఏ సైజు కావాలి?" అంటుంది ఇది, మొహంలో ఏమీ కనపడనీయకుండా.

నేనెవరో చెప్పలేదు కదూ. నా పేరు హిల్కా. ఐసు హాల్లో కాఫీ కొట్టు చూస్తాను. కొట్టు క్లబ్బుది, కాఫీ నాది, కడుగుళ్లూ నావే. మా దగ్గర ఇలాంటి పనులన్నీ జీతం లేకుండా ఊరంతా కలిసి చేసుకుంటాం, దాన్ని తల్కోత్ అంటాం. వినడానికి ఎంత బాగుందో! ఊరంతా చేతులు కలుపుతుందని ఎన్సియో ప్రతి ఉపన్యాసంలోనూ చెబుతాడు. నాకు తెలిసి చేతులు కలిపేది నేనూ, ఏలకుల బన్నుల పిండీ.

సరే, పిహ్లా గురించి కదా చెబుతున్నది.

ఆ రోజు పడ్డదేమో, మళ్లీ పడలేదు. ఇది గొప్ప విషయమని మా ఊరి నమ్మకం. ఐసు స్కేటింగంటే పడటమూ లేవడమూ కదా, ఒక్కసారి కూడా పడని స్కేటరు ఎక్కడైనా ఉంటుందా అని మీరు అడగొచ్చు. ఉంటుంది, మూడు చుట్లు తిరగాల్సిన చోట రెండే తిరిగితే. గాల్లోకి లేచి, ముచ్చటగా రెండు చుట్లు తిరిగి, ముగ్గు వేసినట్టు దిగి, చిన్న నవ్వు నవ్వేది. చూడ్డానికి శుభ్రంగా ఉండేది. మార్కులు కూడా అంతే శుభ్రంగా, ఏమీ లేకుండా ఉండేవి.

ప్రతి సెప్టెంబరులోనూ మా ఊళ్లో అంతర్జాతీయ పోటీ జరుగుతుంది, కూసిలంపి కప్పని. ఎక్కడెక్కడి దేశాలవాళ్లో వస్తారు. మా ఊరి అందం చూడ్డానికి కాదు లెండి. సీజన్ ఇంకా సరిగ్గా మొదలుకాదు, కొత్త పాటకి కొత్త అడుగులు ఇంకా ఒంటబట్టవు, అసలు పోటీల్లో పరువు పోగొట్టుకునే ముందు ఎవరూ చూడని చోట ఒకసారి పోగొట్టుకుని చూసుకుందామని వస్తారు. కిందటేడు ఇటలీ నుంచి ఒక మహాతార వచ్చింది. గౌను మీద మెరుపులు చూస్తే నాకు కళ్లు తిరిగాయి. ఐసు మీదికి వెళ్లి ఎగిరినప్పుడల్లా పడింది. బయటికొచ్చి, "సీజన్ ఇప్పుడే కదా మొదలైంది," అని నవ్వింది. ఓహో, పెద్దవాళ్లకి పడటం కూడా తయారీలో భాగమే. పడకూడనిది మా పిహ్లా ఒక్కతే.

ఈ కప్పులో మా పిల్ల ఎప్పుడూ చివర్నించి రెండోదో మూడోదో. అయినా ఊరికి గర్వమే. "స్థానందేముంది, మన పిల్ల పడదు," అనేవాళ్లు, అదేదో పతకమైనట్టు. దాని నాన్న తౌనో బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు. ఏటా వచ్చి పైవరస చివరి సీట్లో కూర్చుంటాడు. కూతురు ఐసు మీంచి దిగిపోగానే మెట్లు దిగి నా దగ్గరికొచ్చి కాఫీ తీసుకుంటాడు. పిహ్లా బూట్లు మార్చుకుని వచ్చేసరికి తాగడం పూర్తవుతుంది. "ఫర్వాలేదు," అని దాని భుజం వైపు చూసి చెప్పి ఇంటికెళ్లిపోతాడు.

ఇది మరీ అన్యాయమని మీకనిపిస్తే మా ఊరు మీకు తెలీదు. మా దగ్గర "ఫర్వాలేదు" అన్నదాన్ని మించిన మెప్పు లేదు. "బాగుంది" అంటే ఎదుటివాడికి కళ్లు నెత్తికెక్కుతాయని భయం. తౌనో తన పెళ్లిలో పెళ్లికూతుర్ని చూసి కూడా ఫర్వాలేదనే అన్నాడు. ఆవిడ కొన్నేళ్లు అదే తలుచుకుని మురిసిపోయింది. తర్వాత టర్కూ పట్నం వెళ్లిపోయి వేరొకణ్ణి కట్టుకుంది. అతను మాట్లాడతాడట.

ఈ ఏడు మే నెలలో ఎన్సియో ఒక కాగితం గోడకి అంటించాడు. పొద్దున్నే ఐసు మీద పిహ్లాకిచ్చే గంట ఈ చలికాలం నుంచి పెద్దమనుషుల హాకీకి ఇస్తారట. పెద్దమనుషుల హాకీ అంటే ఎన్సియో, అతని బావమరిది, ఇంకొందరు పొట్టలు. "అంతర్జాతీయ ఛాంపియన్‌షిప్‌లో ఆడేవాళ్లుంటే వాళ్లకే ముందు హక్కు," అని అడుగున ఒక మాట కూడా రాశాడు, నియమం అలా ఉంది కాబట్టి. అది రాసేటప్పుడు అతను రెండోసారి ఆలోచించి ఉండడు. మా ఊళ్లో అలాంటివాళ్లెవరున్నారు కనుక!

ఆ సాయంత్రం పిహ్లా, దాని కోచ్ మెర్వీ నా కొట్టు మూసే వేళకి వచ్చారు. మెర్వీ ఎస్తోనియా మనిషి, నోటి దురుసు. అందుకే నాకు ఇష్టం.

"హిల్కా పిన్నీ, ఒక మాట చెబుతాను, ఎవరితోనూ అనకూడదు," అంది పిహ్లా.

"పెళ్లా?"

"కాదు."

"హమ్మయ్య. చెప్పు."

"జనవరిలో యూరప్ ఛాంపియన్‌షిప్‌కి వెళ్లాలనుకుంటున్నాను."

నా చేతిలో గుడ్డ కిందపడింది. అది వెళ్లాలనుకున్నందుకు కాదు. మా ఊరి మనిషి అనుకున్నది పైకి చెప్పినందుకు.

విషయమేమిటంటే, ఆ పోటీకి పంపాలంటే ముందు ఏదో ఒక అంతర్జాతీయ పోటీలో ఒక కనీస మార్కు తెచ్చుకోవాలి. అది మొత్తం మార్కు కాదు, స్థానమూ కాదు. ఎగిరినవీ తిరిగినవీ లెక్కగట్టి వేసే సాంకేతిక మార్కు ఒక్కటే. పోటీలో మొదటిరోజు చిన్న ప్రదర్శన, రెండోరోజు పెద్దది. చిన్నదానికి కావలసింది పిహ్లాకి మార్చిలోనే, సెలవు పెట్టి వెళ్లిన పోటీలో వచ్చేసింది. పెద్ద ప్రదర్శనది రావాలి. దేశంలో ఆ రెండూ ఉన్న ఇద్దరమ్మాయిల్లో ఒకతె మోకాలు విరగ్గొట్టుకుంది, ఇంకొకతె వైద్యం చదువుకి పోయింది. ఆ మార్కు వస్తే చాలు, పంపేది మా పిల్లనే. మళ్లీ బయటి దేశాల పోటీకి వెళ్లడానికి కొళాయిల దుకాణం సెలవివ్వదు. ఉన్నది మా ఊరి కప్పు ఒక్కటే. అక్కడ వస్తే యూరప్, రాకపోతే దాని ఐసు మీద ఎన్సియో పొట్ట.

"రెండు చుట్లతో ఆ మార్కు ఎలా వస్తుందే?" అన్నాను.

"రాదు," అంది మెర్వీ. "మూడు తిరగాలి. చివరిదొక్కటి తప్ప అన్నీ మూడు."

"అది మూడు తిరిగితే పడుతుంది కదా?"

"పడనీ! మూడు చుట్లు పూర్తిగా తిరిగి పడితే వచ్చే మార్కు, రెండు తిరిగి దేవతలా నిలబడితే వచ్చేదానికంటే ఎక్కువ. మొత్తంలో కోత పడుతుంది, స్థానం నాశనమవుతుంది, సాంకేతిక మార్కు మాత్రం మిగులుతుంది. ఈవిడగారికి ఏళ్ల తరబడి అదే చెబుతున్నాను. చెవినెక్కితేగా! గాల్లో మూడో చుట్టు దగ్గరికి రాగానే కాళ్లు వాటంతటవే విడిపోతాయి. పడతానేమోనని."

పిహ్లా బల్ల మీద పంచదార పలుకుల్ని వేలితో ఒక పక్కకి తోస్తోంది. "ఊరందరి ముందూ పడాలి పిన్నీ," అంది. "నవ్వుతారు."

నాకు ఒళ్లు మండింది. అంటే, అంతర్జాతీయ పోటీల్లో తిరిగిన పిల్ల ఇన్నేళ్లూ రెండు చుట్లకే కట్టుబడి ఉన్నది ఒక మైకు మాటకి భయపడి! "నవ్వితే నవ్వనీ. ఎవడు నవ్వుతాడో వాడి కాఫీలో ఉప్పు కలుపుతాను," అన్నాను.

వేసవంతా అది పడటం నేర్చుకుంది. ఊరంతా చెరువు పక్క కుటీరాల్లో సానా ఆవిరిగదులు కాచుకుంటుంటే, పక్క పట్నంలో అద్దె ఐసు మీద ఇది పొద్దున్నే పడి వచ్చి, తొమ్మిదింటికల్లా కొళాయిలు అమ్మేది. కౌంటరు వెనక స్టూలు మీద రెండు దిండ్లు వేసుకునేది. తుంటి మీద కమిలిన మచ్చలు సానాలో నాకు చూపించింది. ఏ రంగు లేదో చెప్పలేను. "మొన్నటివి ఇవి, నిన్నటివి ఇవి," అని వరసగా చూపిస్తోంటే మొహం వెలిగిపోయింది. మెర్వీ పొగడటం కూడా మొదలెట్టింది. "ఈరోజు ఎంత చక్కగా కూలబడింది, మూడూ పూర్తిచేసి!" అని. నాకైతే ఇద్దరికీ పిచ్చి పట్టిందనిపించింది.

ఎవరికీ చెప్పకూడదన్నది ఎందుకో వేరే చెప్పాలా? మా దగ్గర ఆశ ముందుగా బయటపెట్టడం దొంగతనం కంటే సిగ్గుచేటు. దొంగకి కనీసం అవసరముందంటారు. తౌనోకి కూడా చెప్పలేదు.

కప్పు వచ్చింది. గురువారంనాడు జడ్జీలు దిగారు. గురువారం దేశమంతా బఠాణీ పులుసు తింటుంది, జడ్జీలకీ అదే వడ్డించాను. ఒక ఫ్రెంచి జడ్జి చెంచా ఎత్తి, చూసి, మళ్లీ దింపింది. "ఇది ఎప్పుడూ ఇంత పచ్చగా ఉంటుందా?" అని ఇంగ్లీషులో అడిగింది. "గురువారాలు మాత్రమే," అన్నాను. శుక్రవారం చిన్న ప్రదర్శనల్లో పిహ్లా అలవాటైన పద్ధతిలో శుభ్రంగా చేసి, చివర్నించి మూడోదిగా నిలిచింది. తౌనో ఫర్వాలేదన్నాడు. ఊరు తృప్తిగా నిద్రపోయింది.

శనివారం పొద్దున్నే ఎన్సియో పెద్ద అట్టపెట్టె పట్టుకుని కొట్టులోకి వచ్చాడు. "హిల్కా, ఇది ఫ్రిజ్‌లో పెట్టు. పిహ్లాకి కనపడకూడదు."

మూత తీసి చూశాను. స్ట్రాబెర్రీ క్రీమ్ కేకు. మధ్యలో "థాంక్యూ పిహ్లా" అని రాసి ఉంది. చుట్టూ బాదం పిండితో చేసిన ఎర్ర పుట్టగొడుగులు, వాటికి తెల్ల చుక్కలు. అందులో ఒకటి పక్కకి ఒరిగి పడుకునుంది. కావాలనే చేయించాడు!

"ఏమిటిది?"

"వీడ్కోలు. పాపం ఇన్నేళ్లు ఆడింది. పోటీ అయ్యాక నాలుగు మాటలు మాట్లాడి, కేకు కోయిస్తాను. హుందాగా ఉంటుంది."

"అది మానేస్తానని నీతో అందా?"

"అనాలా? వయసైపోలేదూ? ఐసు గంట కూడా లేదుగా."

"ఆ గంట తీసేసింది నువ్వే కదా ఎన్సియో."

"క్లబ్బు తీసేసింది."

"క్లబ్బంటే ఎవరు?"

"అందరం కలిసి," అన్నాడు, అప్పుడే అందరూ గుర్తొచ్చినట్టు. "నీకు ఈ పుట్టగొడుగుల ఐడియా నచ్చలేదా? జనానికి సరదాగా ఉంటుంది."

నోటిదాకా వచ్చింది. యూరప్ అన్న మాట నాలుక చివర దాకా వచ్చి ఆగింది. దానికి మాటిచ్చాను కదా. "ఫ్రిజ్‌లో చోటుంది," అన్నాను. పళ్లు కొరుక్కున్నది అతనికి వినపడే ఉంటుంది.

మధ్యాహ్నం హాలు నిండింది. మా హాల్లో అల్లరి ఉండదు. ఫ్లాస్కుల మూతలు తీసిన చప్పుడు, చేతి తొడుగుల్లోంచి వచ్చే చప్పట్ల చప్పుడు, అంతే. పిహ్లా నీలం గౌనులో ఐసు మధ్యకి వెళ్లింది. నేను కొట్టు వదిలేసి, ఐసు చుట్టూ ఉన్న అడ్డుగోడ దగ్గర మెర్వీ పక్కకి వెళ్లాను. కాఫీ కావలసినవాళ్లు పోసుకుంటారు, చేతులున్నాయిగా.

పాట మొదలైంది. మొదటిది ఎగిరింది. ఒకటి, రెండు, మూడు! తిరిగింది. దఢాలున పడింది.

నా పక్కనున్న మనిషి తన బూట్లు చూసుకోవడం మొదలెట్టాడు. మా దగ్గర ఎవరైనా ఇబ్బందిపడితే మేం చేసే సాయం అది, వేరే వైపు చూడటం. పిహ్లా లేచింది. రెండోదానికి మూడు చుట్లు తిరిగి నిలబడింది. మూడోదానికి తిరిగి, పడింది, మోకాలి మీద జారుకుంటూ అడ్డుగోడకి తగిలింది. వెనకవరసలో ఎవరో పిల్లాడు నవ్వబోయాడు, వాళ్లమ్మ నోరు మూసింది. లేచింది. గౌను నిండా ఐసు పొడి. నాలుగోది తిరిగి, మళ్లీ పడింది.

అప్పుడు దాని మొహం చూశాను. భయపడింది. ఆరేళ్ల పిల్ల మొహం అది, టోపీ దొర్లిపోయిన రోజుది. తర్వాతిదానికి ఎగిరింది. గాల్లో కాళ్లు విడిపోయాయి. రెండే చుట్లు. ముచ్చటగా దిగింది. జనం హాయిగా నిట్టూర్చి చప్పట్లు కొట్టారు. హమ్మయ్య, మన పిల్ల మళ్లీ మన పిల్లయింది.

"అయిపోయింది," అంది మెర్వీ, తెల్లబోయి. "అదొక్కటీ చాలు ముంచడానికి."

నేను మెర్వీ మోచెయ్యి పట్టుకున్నాను. "ఇంకోటి లేదా?"

"చివరిదుంది. రెండు చుట్లదే. దాన్ని మూడు చెయ్యాలి. ఇంత అలిసిపోయాక చెయ్యదు." అని, అడ్డుగోడ మీద సగం వంగి, హాలంతా వినపడేలా అరిచింది: "పడవే! పడవే పిహ్లా!"

జనం తలలు గిర్రున తిరిగాయి. కోచ్ తన శిష్యురాలిని పడమని శపిస్తోంది! ఎస్తోనియా వాళ్లింతేనని ఒకావిడ గొణిగింది. పిహ్లా మాత్రం విన్నది. వేగం అందుకుంది. నేను కళ్లు మూసుకోలేదు, మూసుకోవాలనిపించింది. ఎగిరింది. ఒకటి. రెండు. కాళ్లు విడదీయలేదు. మూడు. దిగిన కాలు నిలవలేదు. సాష్టాంగపడింది. బోర్లా. సరిగ్గా ఆ రోజు పడ్డట్టే.

పైవరసలో తౌనో లేచి నిలబడ్డాడు. మా హాల్లో పాట ఆగకముందు ఎవరూ లేవరు, మరీ అర్జెంటయితే తప్ప. వెళ్లిపోతున్నాడు, కూతురి అవమానం చూడలేక, అనుకున్నాను. వెళ్లలేదు. అలాగే నిలబడ్డాడు. పాట అయిపోయేదాకా, పిహ్లా దండం పెట్టేదాకా, రెండు చేతులూ పక్కన వేలాడదీసుకుని నిలబడే ఉన్నాడు.

మార్కుల కోసం కూర్చునే బెంచీ మీద పిహ్లా, మెర్వీ ఒకళ్లకొకళ్లు ఆనుకుని కూర్చున్నారు. జడ్జీలకి తొందరేమీ లేదు. ప్రతి గెంతునీ వీడియోలో నెమ్మదిగా తిప్పి, చుట్టు పూర్తయిందా, పావు తగ్గిందా అని చూస్తారు. ఫ్రెంచావిడ కళ్లద్దాలు పైకి తోసుకుని తెరలోకి దూరిపోయింది. ఆ పులుసు కడుపులో ఏం చేస్తోందో ఏమో, కోపం మా పిల్ల మీద చూపించకపోతే చాలు. నేను దేవుణ్ణి పెద్దగా ఇబ్బంది పెట్టే మనిషిని కాదు. ఆ పూట పెట్టాను.

ఎన్సియో గొంతు మైకులో వచ్చింది, చావుకబురు చెప్పే గొంతుతో. మొత్తం మార్కు చదివాడు. "ప్రస్తుతం... ఆఖరి స్థానం."

పిహ్లా తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలిపోతున్నాయి. నా పక్కాయన, "పాపం, పాపం," అన్నాడు, ఇంకా బూట్లతోనే మాట్లాడుతూ. తెర మీద మొత్తం మార్కు పక్కన చిన్న అక్షరాల్లో సాంకేతిక మార్కు ఉంటుంది, నా కళ్లద్దాలు కొట్టులో ఉన్నాయి. అప్పుడు మెర్వీ నా వైపు తిరిగి రెండు వేళ్లు దగ్గరగా పెట్టి చూపించింది. ఇంత. పిసరంత. అంత తగ్గిందేమోనని చచ్చాను. కాదు! ఆ వేళ్లు పైకి ఎత్తింది. పిసరంత ఎక్కువ! తువ్వాలు పక్కకి జరిగింది. పిహ్లా ఏడవడం లేదు, పడీపడీ నవ్వుతోంది.

తర్వాత పెద్ద పెద్ద వాళ్లందరూ ఆడారు. జపాన్ నుంచి వచ్చిన పదహారేళ్ల పిల్ల గెలిచింది. చెక్ అమ్మాయి రెండు, జార్జియా అమ్మాయి మూడు. ఇటలీ మహాతార ఈసారి మూడుసార్లు పడి, సీజన్ ఇప్పుడే మొదలైందని మళ్లీ చెప్పింది. పిహ్లా చిట్టచివరిది. దాని కిందున్నది కాగితం అంచు మాత్రమే.

బహుమతులయ్యాక ఎన్సియో తివాచీ మీదికి కేకు తెప్పించాడు. మైకు ముందు గొంతు సవరించుకున్నాడు.

"మిత్రులారా, ఈరోజు జరిగినదాన్ని మనం గుర్తుపెట్టుకోవద్దు," అని మొదలెట్టాడు. "మన పిహ్లా ఇన్నేళ్లూ మనల్ని ఒక్కనాడూ తలదించుకునేలా చెయ్యలేదు. ఎప్పుడూ పడలేదు. చిన్నప్పటి ఆ పుట్టగొడుగు సంగతి వదిలేస్తే..." ఇక్కడ నవ్వు కోసం ఆగాడు. ఎవరూ నవ్వలేదు. ఈ ఏటి నవ్వు ఇంకా దాచుకున్నట్టున్నారు. "మంచి స్కేటర్లకి కూడా సెలవు తీసుకునే రోజు ఒకటి వస్తుంది. పిహ్లా, నీ ఈ హుందా అయిన ప్రయాణానికి..."

"ఎన్సియో, మైకు ఒకసారి ఇస్తావా?" అంది పిహ్లా.

ఎవరూ అడగని మాట అది. అతను ఎంత బిత్తరపోయాడంటే, ఇచ్చేశాడు.

పిహ్లా దుకాణంలో వాషరు సైజు అడిగే గొంతుతోనే మాట్లాడింది. "కేకు తెచ్చినందుకు థాంక్స్. నాకు యూరప్ ఛాంపియన్‌షిప్‌కి కావలసిన మార్కు వచ్చింది. పడకపోతే వచ్చేది కాదు. గుర్తుపెట్టుకోవద్దని ఎన్సియో అంటున్నాడు, గుర్తుపెట్టుకోండి. జనవరిలో వెళ్తాను. అప్పటిదాకా పొద్దున్న గంట ఐసు నాకు కావాలి. హాకీవాళ్లు ఇంకాస్త నిద్రపోవచ్చు." మైకు తిరిగిచ్చేసింది. "ఉపన్యాసం పూర్తి చెయ్యి, ఫర్వాలేదు."

పూర్తి చెయ్యడానికి అతని దగ్గర ఏముంది? "ఇది... ఇది క్లబ్బుకే గర్వకారణం," అన్నాడు చివరికి. అప్పుడు నవ్వారు మావాళ్లు! హాలంతా, ఒక్కసారిగా, కిందటేడు దాచుకున్నది కూడా కలిపి. ఎన్సియో కాసేపు తనతోపాటే నవ్వుతున్నారనుకున్నాడు. అతని అదృష్టం అలాంటిది.

కేకు నా కొట్టు దగ్గరే పంచాను. ఒరిగి పడుకున్న పుట్టగొడుగుని పిహ్లా స్వయంగా ఏరుకుని, తల కొరికి తినేసింది. జనం ఒక్కొక్కరే వచ్చి, "అయితే వెళ్తున్నావన్నమాట," అని, ఇంకేం అనాలో తెలీక కాఫీ పోసుకుని వెళ్లారు. ఒకాయన, "ఫర్వాలేదు," అన్నాడు. ఇంకొకావిడ, "నిజంగా ఫర్వాలేదు," అంది. మా లెక్కలో అది ఊరేగింపుతో సమానం.

అందరూ పలచబడ్డాక తౌనో వచ్చాడు. కాఫీ పోశాను, కేకు ముక్క పెట్టాను. నిలబడే తిన్నాడు. పిహ్లా ఎదురుగా నిలబడింది, మోకాలికి ఐసు మూట కట్టుకుని. నేను తుడిచిన చోటే మళ్లీ తుడుస్తున్నాను.

"చాలాసార్లు పడ్డావు," అన్నాడు తౌనో.

"అవును నాన్నా."

"కావాలనేనా?"

"తిరగడం కావాలని. పడటం దానితో వచ్చింది."

"ఊఁ." కప్పులో అడుగున మిగిలింది తాగాడు. కప్పు కింద పెట్టాడు. కూతురి భుజం వైపు కాదు, మొహం వైపు చూశాడు. "చాలా బాగుంది."

నేను నా చెవుల్ని నమ్మలేదు. "ఏమిటీ, కేకా?" అన్నాను.

"కేకు ఫర్వాలేదు," అన్నాడు తౌనో. "పిల్ల పడి లేచింది చూడు, అది చాలా బాగుంది."

టోపీ దొర్లిన రోజు ఏడవలేదు అది. ఐసు గంట పోయిందన్న రోజూ ఏడవలేదు, ఇందాక అన్నిసార్లు పడ్డప్పుడూ ఏడవలేదు. ఇప్పుడు ఏడ్చింది, నా బల్ల మీద తల పెట్టుకుని, వెక్కి వెక్కి. తౌనో ఏం చెయ్యాలో తెలీక ఇంకో కప్పు కాఫీ అడిగాడు. పోశాను. సగం కప్పులో పడింది, సగం బయటపడింది.